సముద్రపు నాచు నుంచి హైడ్రోజన్ ఇంధనం - హైదరాబాద్ పరిశోధనలు నేర్పే పాఠాలు

హైదరాబాద్‌కు సముద్రం లేదు. అయినా దేశంలోని మత్స్యకారులకు చేపలు లభించే ప్రాంతాల సమాచారం అందించే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) ఈ నగరంలోని ప్రగతినగర్‌లోనే ఉంది. సముద్రం ఒక చోట, సముద్ర విజ్ఞానం మరొక చోట ఉండడం ఇక్కడ కొత్త కాదు. సముద్రపు నాచును సూక్ష్మజీవులతో పులియబెట్టి హైడ్రోజన్ ఇంధనం తయారుచేసే అంశంలోనూ ఇదే పరిస్థితి కనిపిస్తుంది. ముడిసరుకు తీరంలో ఉంది. దానిని ఇంధనంగా మార్చే సూక్ష్మజీవుల పరిజ్ఞానంలో గణనీయమైన భాగం హైదరాబాద్ ప్రయోగశాలల్లో రూపుదిద్దుకొంది. శుద్ధ విద్యుత్తు అవసరం హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల్లోని ఐటీ భవనాల్లో, డేటా కేంద్రాల్లో నానాటికీ పెరుగుతోంది. ఈ మూడింటినీ ఎక్కడ, ఏ విధంగా కలపాలన్నదే అసలు ప్రశ్న. దానికి సమాధానం చెప్పాలంటే ముందుగా ప్రక్రియను, తరువాత దాని లెక్కను పరిశీలించాలి.

ముడిసరుకుగా సముద్రపు నాచు

సముద్రపు నాచును రంగును బట్టి ఆకుపచ్చ, ఎరుపు, గోధుమ వర్ణ నాచులుగా విభజిస్తారు. విశాఖపట్నం రాతి తీరంలో ఉల్వా, గ్రాసిలేరియా, సర్గాసమ్ వంటి జాతులు సహజంగా పెరుగుతాయి. సాగు విషయంలో తమిళనాడులోని రామనాథపురం తీరం ముందున్నది. అక్కడ వెదురు తెప్పలపై కప్పాఫైకస్ అనే ఎర్రనాచును సుమారు 45 రోజుల పంటగా పెంచుతున్నారు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలోనూ సముద్రపు నాచు సాగుకు ప్రత్యేకంగా నిధులు కేటాయించారు.

కిణ్వనానికి ఈ నాచు మూడు కారణాల వల్ల అనుకూలమైనది. మొదటిది, దీనికి సాగుభూమి, మంచినీరు, ఎరువులు అవసరం లేదు. రెండవది, వరిగడ్డి, పత్తికట్టె వంటి వ్యర్థాల్లో సూక్ష్మజీవులకు అడ్డుగోడగా నిలిచే లిగ్నిన్ నాచులో దాదాపు ఉండదు. మూడవది, ఎండు బరువులో సగం వరకు కార్బోహైడ్రేట్లే ఉంటాయి. అయితే అవి గ్లూకోజ్ అంత సులభంగా పులిసేవి కావు. ఎర్రనాచులో అగార్, కరాజీనన్, గోధుమ నాచులో ఆల్జినేట్, లామినారిన్, మానిటాల్, ఆకుపచ్చ నాచులో ఉల్వాన్, పిండి పదార్థం, సెల్యులోజ్ ఉంటాయి. వీటిలో మానిటాల్, లామినారిన్ త్వరగా పులుస్తాయి. ఆల్జినేట్, ఉల్వాన్ వంటి వాటిని విడగొట్టగల ఎంజైములు కొద్ది రకాల సూక్ష్మజీవుల్లో మాత్రమే ఉన్నాయి.

ప్రతికూలతలూ తక్కువేమీ కావు. పచ్చినాచు బరువులో 85 నుంచి 90 శాతం నీరే. ఉప్పు అధికం. గంధకం సల్ఫేట్ రూపంలో ఉంటుంది. కిణ్వన పాత్రలో సల్ఫేటును వాడుకొనే బ్యాక్టీరియా చేరితే అవి హైడ్రోజన్‌ను తామే వినియోగించుకొని, కుళ్లిన గుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విడుదల చేస్తాయి. అందువల్ల నాచును కడగడం, ముక్కలు చేయడం, వేడి లేదా సజల ఆమ్లంతో ముందస్తు శుద్ధి చేయడం తప్పనిసరి. శుద్ధి మితిమీరితే చక్కెరలు విచ్ఛిన్నమై హైడ్రాక్సీమిథైల్ ఫర్ఫ్యూరాల్ అనే పదార్థం ఏర్పడి సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకొంటుంది.

మొదటి దశ: చీకటి కిణ్వనం

గాలి, వెలుతురు లేని మూసిన పాత్రలో జరిగే ప్రక్రియను చీకటి కిణ్వనం అంటారు. గోబర్ గ్యాస్ ప్లాంటు పనితీరు తెలిసినవారికి దీనిని అర్థం చేసుకోవడం తేలిక. గోబర్ గ్యాస్ ప్లాంటులో సంక్లిష్ట పదార్థాలు ముందుగా చక్కెరలుగా, తరువాత ఆమ్లాలుగా మారుతాయి. ఈ ఆమ్ల దశలోనే హైడ్రోజన్ వెలువడుతుంది. చివరగా మీథేన్ ఉత్పత్తిచేసే సూక్ష్మజీవులు ఆ హైడ్రోజన్‌ను, ఆమ్లాలను మీథేన్‌గా మారుస్తాయి. హైడ్రోజన్ కావాలంటే ప్రక్రియను ఆమ్ల దశ వద్దనే ఆపాలి.

ఇందుకు రెండు ఉపాయాలు అనుసరిస్తారు. పులియబెట్టడానికి వాడే బురదను ముందుగా వేడిచేస్తారు. మీథేన్ సూక్ష్మజీవులు ఆ వేడికి చనిపోతాయి. క్లాస్ట్రీడియం వంటి బ్యాక్టీరియా సిద్ధబీజాల రూపంలో బతికి, అనుకూల పరిస్థితి రాగానే మొలకెత్తుతాయి. అనంతరం పీహెచ్‌ను 5 నుంచి 6 మధ్య నిలిపితే మీథేన్ సూక్ష్మజీవులు మళ్లీ తలెత్తవు.

క్లాస్ట్రీడియం కణంలో చక్కెర విచ్ఛిన్నమైనప్పుడు మిగిలిన ఎలక్ట్రాన్లను వదిలించుకోవడానికి హైడ్రోజినేజ్ అనే ఎంజైము ఉపయోగపడుతుంది. అది ఎలక్ట్రాన్లను ప్రోటాన్లతో కలిపి హైడ్రోజన్ వాయువుగా బయటకు పంపుతుంది. ఒక మోల్ గ్లూకోజ్ ఎసిటిక్ ఆమ్లంగా మారితే 4 మోల్‌ల హైడ్రోజన్, బ్యుటిరిక్ ఆమ్లంగా మారితే 2 మోల్‌ల హైడ్రోజన్ వెలువడతాయి. లాక్టిక్ ఆమ్లంగా మారితే ఏమీ రాదు. పాత్రలో హైడ్రోజన్ పీడనం పెరిగేకొద్దీ సూక్ష్మజీవులు హైడ్రోజన్ తక్కువగా వచ్చే మార్గాలకు మళ్లుతాయి. అందుచేత వాయువును ఎప్పటికప్పుడు తొలగిస్తూ ఉండాలి. ఆచరణలో 2 మోల్‌ల దరిదాపుల్లో దిగుబడి రావడమే సాధారణం.

ఒక మోల్ గ్లూకోజ్‌లోని శక్తి అంతా హైడ్రోజన్‌గా మారితే 12 మోల్‌లు రావాలి. చీకటి కిణ్వనం అత్యుత్తమంగా జరిగినా అందులో మూడో వంతే చేతికి వస్తుంది. మిగిలినది ఆమ్లాల రూపంలో ద్రవంలోనే ఉండిపోతుంది. ఇది రియాక్టర్ లోపం కాదు, సూక్ష్మజీవుల జీవక్రియలోనే ఉన్న పరిమితి. ఆ ద్రవాన్ని ఏం చేయాలన్నది తేల్చకుండా ఈ సాంకేతికత లాభసాటి కాదు.

రెండవ దశ: కాంతి కిణ్వనం

మిగిలిన ఆమ్లాలను హైడ్రోజన్‌గా మార్చగల జీవులు ప్రకృతిలో ఉన్నాయి. అవి ఊదారంగు కిరణజన్య బ్యాక్టీరియా. రోడోస్పైరిల్లమ్ రుబ్రమ్ అనే బ్యాక్టీరియా వెలుతురులో హైడ్రోజన్ విడుదల చేస్తుందని 1949లో గెస్ట్, కామెన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు గుర్తించారు. ఈ పనికి ఆధారమైన ఎంజైము నైట్రోజినేజ్. పప్పుజాతి పంటల వేరు బుడిపెల్లో రైజోబియం గాలిలోని నత్రజనిని స్థిరీకరించేది కూడా ఈ ఎంజైముతోనే. నత్రజని స్థిరీకరణ జరిగినప్పుడల్లా ఉప ఉత్పత్తిగా కొంత హైడ్రోజన్ వెలువడుతుంది. నత్రజని లేని వాతావరణంలో ఉంచితే ఎంజైము తన శక్తినంతా హైడ్రోజన్ తయారీకే వెచ్చిస్తుంది. అప్పుడు ఒక మోల్ ఎసిటిక్ ఆమ్లం నుంచి 4 మోల్‌ల వరకు హైడ్రోజన్ రావచ్చు. రెండు దశలూ కలిస్తే సిద్ధాంతపరంగా 12 మోల్‌ల లక్ష్యం అందుబాటులోకి వస్తుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. యూరియా ఎక్కువగా వేసిన చేనులో వేరుశనగకు బుడిపెలు సరిగా ఏర్పడవు. అదే తీరులో ద్రవంలో అమ్మోనియం ఉంటే బ్యాక్టీరియా నైట్రోజినేజ్‌ను తయారుచేసుకోవడం మానేస్తుంది. నాచులోని మాంసకృత్తులు మొదటి దశలో విచ్ఛిన్నమై అమ్మోనియంను విడుదల చేస్తాయి. అందువల్ల మాంసకృత్తులు తక్కువగా, కార్బోహైడ్రేట్లు ఎక్కువగా ఉన్న నాచును ఎంచుకోవాలి, లేదా రెండు దశల మధ్య అమ్మోనియంను తొలగించాలి.

హైదరాబాద్ పరిశోధనలు

కాంతి కిణ్వనంపై వెలువడిన అంతర్జాతీయ పరిశోధన పత్రాల్లో రోడోబాక్టర్ స్ఫీరాయిడిస్ ఓ.యు.001 అనే పేరు తరచుగా కనిపిస్తుంది. ఇందులోని ఓ.యు. అంటే ఉస్మానియా విశ్వవిద్యాలయం. 1990ల తొలి సంవత్సరాల్లో కె.శశికళ, సిహెచ్.వెంకటరమణ, పి.రఘువీర్ రావు ఈ బ్యాక్టీరియా ఏ పరిస్థితుల్లో గరిష్ఠంగా హైడ్రోజన్ ఇస్తుందో పరిశోధించి పత్రాలు ప్రచురించారు. తరువాతి కాలంలో టర్కీ రాజధాని అంకారాలోని మిడిల్ ఈస్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఇదే జాతిని తీసుకొని విస్తృత ప్రయోగాలు చేశారు. ఆ విధంగా హైదరాబాద్‌లో గుర్తించిన బ్యాక్టీరియా ప్రపంచ ప్రయోగశాలల్లో ప్రామాణిక జాతుల్లో ఒకటిగా నిలిచింది.

అనంతరం వెంకటరమణ గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, శశికళ కూకట్‌పల్లిలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పరిశోధనలు కొనసాగించారు. రెండు ప్రాంగణాలూ నేటి సైబరాబాద్ పరిధిలోనివే. వారి బృందాలు గుర్తించిన కొత్త జాతుల్లో రోడోవులమ్ విశాఖపట్నమెన్స్ ఒకటి. విశాఖ తీరపు నీటిలో దొరికిన ఈ బ్యాక్టీరియాకు 2007లో ఆ పేరు పెట్టారు. సముద్రపు నాచు విషయంలో ఇటువంటి జాతులకు ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. మంచినీటి బ్యాక్టీరియా ఉప్పు ద్రవంలో నీరసిస్తుంది. రోడోవులమ్ ప్రజాతి ఉప్పునీటిలోనే పుట్టి పెరుగుతుంది. ఆ ప్రజాతికే చెందిన రోడోవులమ్ సల్ఫిడోఫిలమ్ హైడ్రోజన్ ఉత్పత్తి చేయగలదని ఇప్పటికే నిరూపితమైంది. ఉప్పును తట్టుకొనే జాతులు లభిస్తే నాచును మంచినీటితో కడిగే ఖర్చు తగ్గుతుంది.

చీకటి కిణ్వనంలో తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) కృషి ముఖ్యమైనది. అక్కడ ఎస్.వెంకటమోహన్ బృందం మురుగునీరు, ఆహార వ్యర్థాల నుంచి హైడ్రోజన్, సేంద్రియ ఆమ్లాలు, హైడ్రోజన్-మీథేన్ మిశ్రమ వాయువును తయారుచేసే పద్ధతులను అభివృద్ధి చేసింది. 10 ఘనమీటర్ల ప్రయోగాత్మక రియాక్టర్‌లో కూడా వాటిని పరీక్షించింది. ఇంజనీరింగ్ శాస్త్రాల్లో వెంకటమోహన్‌కు 2014లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది. ఆయన బృందం పరిశోధనల సారాంశం ఒక్కటే: హైడ్రోజన్‌ను ఏకైక ఉత్పత్తిగా కాక, అనేక ఉత్పత్తులిచ్చే జీవశుద్ధి కర్మాగారంలో ఒక భాగంగా చూడాలి.

ఒక టన్ను పచ్చినాచు నుంచి ఎంత?

సాంకేతికతను అంచనా వేయడానికి సులభమైన మార్గం లెక్క వేయడం. కింది లెక్క ఉదాహరణ కోసం ఉద్దేశించినది.

• పచ్చినాచు 1,000 కిలోలు. అందులో ఎండు పదార్థం 10 శాతం, అంటే 100 కిలోలు.
• ఎండు పదార్థంలో కార్బోహైడ్రేట్లు 50 కిలోలు. వాటిలో సగం పులిసేవి అనుకొంటే 25 కిలోలు.
• 25 కిలోల చక్కెర అంటే సుమారు 139 మోల్‌లు.
• మోల్‌కు 2 మోల్‌ల చొప్పున 278 మోల్‌ల హైడ్రోజన్, అంటే సుమారు 0.56 కిలోలు, అత్యధిక దిగుబడి 4 మోల్‌ల చొప్పున 1.1 కిలోలు.

ఒక కిలో హైడ్రోజన్‌లో సుమారు 33 యూనిట్ల శక్తి ఉంటుంది. 0.56 కిలోలలో 18 యూనిట్లు. ఇంధన ఘటంలో సగం మాత్రమే విద్యుత్తుగా మారుతుందనుకొంటే 9 యూనిట్లు వస్తాయి. గంటకు ఒకటిన్నర యూనిట్లు వాడే ఏసీ యంత్రం ఒకటి ఆరు గంటలపాటు నడుస్తుంది. టన్ను నాచు ఇచ్చే విద్యుత్తు అంతే.

ఇక రవాణా. బాపట్ల తీరం నుంచి హైదరాబాద్‌కు సుమారు 300 కిలోమీటర్లు. 10 టన్నుల లారీ లీటరుకు 4 కిలోమీటర్లు నడిస్తే ఒకవైపు ప్రయాణానికే 75 లీటర్ల డీజిల్ కావాలి. లీటరుకు 10 యూనిట్ల చొప్పున అది 750 యూనిట్ల శక్తి. ఆ లారీలోని 10 టన్నుల పచ్చినాచు నుంచి చీకటి కిణ్వనంలో వచ్చే హైడ్రోజన్‌లో ఉండేది 185 నుంచి 370 యూనిట్లే. అంటే రాబడి కన్నా దారిఖర్చు రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. పైగా 75 లీటర్ల డీజిల్ మండితే సుమారు 200 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. వచ్చిన హైడ్రోజన్‌కు పంచితే కిలోకు 18 నుంచి 36 కిలోలు పడుతుంది. హరిత హైడ్రోజన్‌కు కేంద్ర ప్రభుత్వం 2023 ఆగస్టులో నిర్ణయించిన పరిమితి కిలోకు 2 కిలోలు. ఆ ప్రమాణంలో రవాణాను చేర్చినా చేర్చకపోయినా, ఇలా తెచ్చిన హైడ్రోజన్‌ను హరితమని పిలవడం ఆత్మవంచనే అవుతుంది.

నాచును తీరంలోనే ఎండబెట్టి తెస్తే పరిస్థితి మెరుగుపడుతుంది. పది టన్నుల ఎండునాచు వంద టన్నుల పచ్చినాచుతో సమానం. అప్పుడు రాబడి 1,850 నుంచి 3,700 యూనిట్లకు చేరుతుంది. అయినా ఒకవైపు డీజిల్‌కే అందులో 20 నుంచి 40 శాతం పోతుంది. ముందస్తు శుద్ధికి, వాయువును శుభ్రపరచి పీడనంతో నింపడానికి అయ్యే శక్తి ఇందులో చేరలేదు. అదనంగా, ఎండిన నాచును పులియబెట్టడానికి నగరంలో మళ్లీ మంచినీరు పోయాలి.

గానుగ ఎక్కడ ఉండాలి?

అనకాపల్లి ప్రాంతపు చెరకు రైతుకు ఈ సమస్య కొత్తది కాదు. చెరకును దూరప్రాంతానికి మోయరు. గానుగను తోట దగ్గరే పెట్టి, బెల్లాన్ని బజారుకు పంపుతారు. నాచు విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. కిణ్వన పాత్ర తీరంలోనే ఉండాలి. దూరం వెళ్లవలసినది బరువు తక్కువ, విలువ ఎక్కువ ఉన్న ఉత్పత్తి మాత్రమే.

ఏ నాచును పులియబెట్టాలన్నది తరువాతి ప్రశ్న. కరాజీనన్, అగార్‌లకు ఆహార, ఔషధ పరిశ్రమల్లో మంచి ధర ఉంది. వాటిని నేరుగా ఇంధనంగా మార్చడం గంధపు చెక్కను పొయ్యిలో పెట్టడం వంటిది. పచ్చినాచు నుంచి తీసిన రసాన్ని పంటలపై జీవ ఉత్తేజకంగా పిచికారీ చేస్తున్నారు. 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి, నాచు సారంతో సహా జీవ ఉత్తేజకాలను దాని పరిధిలోకి తెచ్చారు. కాబట్టి ముందుగా రసం, తరువాత కరాజీనన్ లేదా అగార్ తీసుకొని, మిగిలిన పిప్పిని, తీరానికి కొట్టుకువచ్చి కుళ్లే నాచును కిణ్వనానికి వాడడం సమంజసం.

చీకటి కిణ్వనం తరువాత మిగిలిన ఆమ్లాలకూ రెండు దారులున్నాయి. కాంతి కిణ్వనం మొదటిది. దానికి విశాలమైన పారదర్శక పాత్రలు, స్థలం, ఎండ కావాలి; వెలుతురును హైడ్రోజన్‌గా మార్చే సామర్థ్యం ఇంకా తక్కువ. అందువల్ల అది ప్రస్తుతానికి పరిశోధన దశలోనిదే. రెండవది, ఆ ద్రవాన్ని మీథేన్ దశకు పంపడం. ఇది తెలిసిన విద్య. గ్లూకోజ్‌లోని శక్తిలో అధిక భాగాన్ని మీథేన్ రూపంలో రాబట్టవచ్చు. తీరప్రాంత గ్రామానికి తక్షణం సాధ్యమైనది హైడ్రోజన్, మీథేన్ రెండూ ఇచ్చే ఈ రెండంచెల ప్లాంటే.

పరిమాణం విషయంలో భ్రమ ఉండరాదు. అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగిన ఎన్‌టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రం లక్ష్యం రోజుకు 1,500 టన్నులు. అంత హైడ్రోజన్‌ను పై లెక్క ప్రకారం నాచు నుంచి తీయాలంటే రోజుకు 14 నుంచి 27 లక్షల టన్నుల పచ్చినాచు కావాలి. ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే సుమారు మూడున్నర కోట్ల టన్నులు రెండు నుంచి నాలుగు వారాల్లో అయిపోతాయి. సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టే పద్ధతికి సూక్ష్మజీవుల కిణ్వనం పోటీ కాదు. తడి వ్యర్థాన్ని శుద్ధిచేస్తూ కొంత ఇంధనాన్ని కూడా ఇవ్వడమే దాని బలం.

ఐటీ కారిడార్‌కు ఏం మిగులుతుంది?

నాచు రాకపోయినా నాచు నేర్పిన విద్య హైటెక్ సిటీకి ఉపయోగపడుతుంది. క్లాస్ట్రీడియంకు చక్కెర సముద్రం నుంచి వచ్చిందా, క్యాంటీన్ నుంచి వచ్చిందా అన్న భేదం లేదు. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరకు ఉన్న కార్యాలయాల క్యాంటీన్లలో, హోటళ్లలో మిగిలే అన్నం, కూరగాయల తొక్కలు పిండి పదార్థం పుష్కలంగా ఉన్న ముడిసరుకు. దానికి ఉప్పు, సల్ఫేట్ బెడద తక్కువ. అన్నింటికన్నా ముఖ్యంగా, అది అక్కడే పుడుతుంది. మూడు వందల కిలోమీటర్లు ప్రయాణించనవసరం లేదు.

నగరంలో ఇందుకు పూర్వానుభవం ఉంది. బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో ఐఐసీటీ సాంకేతికతతో నెలకొల్పిన బయోగ్యాస్ ప్లాంటు రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల విద్యుత్తును, 30 కిలోల జీవ ఇంధనాన్ని ఇస్తోందని ప్రధానమంత్రి 2021 జనవరి 31న ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ప్రస్తావించారు. అది మీథేన్ ప్లాంటు. అటువంటి ప్లాంటుకు ముందు ఒక ఆమ్ల దశ రియాక్టర్‌ను చేరిస్తే హైడ్రోజన్‌ను విడిగా సేకరించే అవకాశం కలుగుతుంది. అయితే వెలువడే వాయువులో హైడ్రోజన్‌తో పాటు కార్బన్ డయాక్సైడ్ పెద్ద భాగంగా ఉంటుంది. ఇంధన ఘటాలకు హైడ్రోజన్ సల్ఫైడ్ స్వల్పంగా ఉన్నా హాని చేస్తుంది. శుద్ధి వ్యయం భరించలేని చోట హైడ్రోజన్-మీథేన్ మిశ్రమాన్ని ఇంజన్‌లో లేదా క్యాంటీన్ పొయ్యిలోనే వాడుకోవడం మేలు.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశాలు

• తీరప్రాంత మహిళా సంఘాలకు నాచు సాగును ఇంధన పంటగా పరిచయం చేయరాదు. ఆదాయం రసం, అగార్, కరాజీనన్‌ల నుంచి వస్తుంది. ఇంధనం పిప్పి నుంచి వచ్చే అదనపు లాభం.
• జాతుల ఎంపికలో స్థానిక గ్రాసిలేరియాకు ప్రాధాన్యమివ్వాలి. విదేశీ జాతియైన కప్పాఫైకస్ మన్నార్ సింధుశాఖలోని పగడపు దిబ్బలపై వ్యాపించిన అనుభవాన్ని మరువరాదు.
• కిణ్వనం తరువాత మిగిలే బురదలో పొటాషియంతో పాటు ఉప్పు కూడా ఉంటుంది. పొలంలో వేసే ముందు లవణ సాంద్రతను పరీక్షించాలి. చౌడు నేలల్లో వాడరాదు. కొబ్బరి వంటి ఉప్పును కొంత తట్టుకొనే పంటల్లో ముందుగా చిన్న మడిలో పరీక్షించడం ఉత్తమం.
• హైడ్రోజన్ రంగు, వాసన లేని వాయువు. గాలిలో 4 శాతం చేరినా అంటుకొంటుంది. ప్లాంటు ఉన్న చోట గాలి ధారాళంగా ఆడాలి. గోబర్ గ్యాస్ అనుభవం ఒక్కటే ఇందుకు చాలదు.
• విద్యార్థుల పరిశోధనకు అనువైన అంశాలు మూడు: ఉప్పును తట్టుకొనే స్థానిక సూక్ష్మజీవుల సేకరణ, ఆల్జినేట్, ఉల్వాన్‌లను విడగొట్టే ఎంజైములు, ఋతువులను బట్టి నాచులో కార్బోహైడ్రేట్ల మార్పు.

ముగింపు

2023 జనవరి 4న 19,744 కోట్ల రూపాయలతో ఆమోదం పొందిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ తరువాత హైడ్రోజన్ పేరు వినిపించని సదస్సు లేదు. ఇటువంటి సమయంలో రైతుకు, మత్స్యకారుకు చేరవలసినది ఉత్సాహం కన్నా ముందు లెక్క. ఒక టన్ను నాచు అర కిలో నుంచి కిలో హైడ్రోజన్ మాత్రమే ఇస్తుందన్న వాస్తవం ఈ సాంకేతికతను కొట్టిపారేయదు. దాని స్థానాన్ని నిర్ణయిస్తుంది. నాచు తీరంలో పులియాలి, నగరం తన వ్యర్థాన్ని తానే పులియబెట్టుకోవాలి. ఈ రెండు చోట్లా పనిచేయగల సూక్ష్మజీవులను, వాటిని నడిపే పద్ధతులను అందించడం హైదరాబాద్ ప్రయోగశాలలు మూడు దశాబ్దాలకు పైగా చేస్తున్న పని. వాటిని తీరానికి, క్యాంటీన్ వెనుక పెరటికి చేర్చడం విస్తరణ విభాగం చేయవలసిన పని.